నిండుకున్న ఇల్లు

కార్తీక శుద్ధ పాడ్యమి

పట్టీ పెట్టుకున్న ఇంట్లో ఎవరో ఒకరు జరిగింది జరిగినట్టు రోజూ రాసి ఉంచాలని, మంచాన పడ్డవాళ్ళ బాగోగులు చూసే ఆలన కార్యాలయం వాళ్ళు చెప్పారు. మా ఇంట్లో రోజూ ఏమీ జరగదు. జరిగిన రోజు రాస్తాను. తారీఖు బదులు తిథి వేస్తున్నాను, నాకు అదే గుర్తుంటుంది.

ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ మా వదిన గారూ. ఆవిడ మా ఇంటాయనకి అక్క, పేరు నరసాయమ్మ. మా ఇంటాయన పూడిక తీసే పడవ మీద పని చేస్తారు, నెలకొకసారి వస్తారు. వదిన గారు చేతనైనన్నాళ్ళూ పెళ్ళిళ్ళకి వంటలు చేసిన మనిషి. సముద్రం మీద కట్టిన ఈ చుట్టుపక్కల మెరకలన్నిటికీ ఆవిడ బూరెలు తెలుసు. పోయిన వేసవిలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, నోట మాట పడిపోయాయి. చూడటం, వినడం, కోప్పడటం మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

ఇవాళ కార్యాలయం మనిషి వచ్చి మా ఇద్దరికీ చెరో పట్టీ కట్టాడు. నొసటి మీంచి చెవుల వెనక్కి వెళ్తుంది. నాకు బొట్టుకి అడ్డం రాకుండా కాస్త పైకి జరిపించుకున్నాను. వదిన గారు మనసులో మాట అనుకుంటే మంచం పక్కనున్న పెట్టె దాన్ని పైకి పలుకుతుంది. కణత దగ్గర పట్టీకి గోరంత లైటు ఉంది. అన్న మాటకీ ఉన్న సంగతికీ పొంతన కుదిరితే పచ్చగా, కుదరకపోతే నారింజ రంగులో వెలుగుతుంది.

ఆవిడ పెట్టెతో అన్న మొదటి మాట ఇది.

"ఏమే మాణిక్యం, ఇదేం గొంతే? పదహారేళ్ళ పిల్ల గొంతు పెట్టారు నాకు."

"మార్చమని అడుగుతానండీ వదిన గారూ."

"ఒద్దులే, ఉండనీ. ఖర్చేం లేదుగా."

పచ్చ వెలిగింది. నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. వేసవి నుంచి ఇంట్లో ఎవరూ నన్ను పేరు పెట్టి పిలవలేదు.

శుద్ధ చవితి

నాగుల చవితి. మెరక మీద పుట్టలు ఉండవు. కాళ్ళ కింద సిమెంటు, దాని కింద ఇనుము, దాని కింద ఉప్పునీళ్ళు. కుండీలో మట్టి పోగు చేసి, దాన్నే పుట్ట అనుకుని పాలు పోశాను. దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు అనిపించలేదు.

సాయంత్రం తులసి దగ్గర పెట్టిన దీపం సముద్రపు గాలికి నిలవలేదు. వదిన గారు మంచం మీంచి చూశారు.

"మాణిక్యం, దీపం కొండెక్కింది చూడు."

లైటు నారింజ అయింది. వెంటనే ఇల్లు మాట్లాడింది. పట్టీలతో పాటు దానికీ మాట పెట్టి వెళ్ళారు. ఇంటిది మగ గొంతు, మెల్లగా ఉంటుంది. "ఈ మెరక మీద కొండ లేదు. దీపం తులసి కుండీ దగ్గరే ఉంది," అంది.

"వీడెవడే, నట్టింట్లో నించుని నాకు ఎదురు చెప్తున్నాడు?"

"ఇల్లండీ, వదిన గారూ."

"ఇల్లయితే ఇల్లులా పడుండమను."

చాలా రోజులకి ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ నవ్వు పెట్టెలోకి రాదు. ఎడమ పెదవి మీద కనిపిస్తుంది, అంతే.

శుద్ధ సప్తమి

సరుకుల పడవ వచ్చింది. ఉప్పు, పప్పు, సబ్బులు ఇచ్చారు. బియ్యం రాలేదు.

డబ్బాల కింద తూకాలు ఉంటాయి, పైకప్పులో కన్ను ఉంటుంది. ఏది ఎంత ఉందో ఇంటికి తెలుసు. అయినా మేం అనుకోనిదే పడవకి కబురు పెట్టదు. వెనకటి రకం ఇళ్ళు అడక్కుండానే తెప్పించేసేవట. ఎవరింట్లోనో చింతపండు మంచాల కింద దాకా వచ్చిందని విన్నాను. అప్పట్నుంచి మనిషి మాట ఉంటేనే తెప్పించేలా మార్చారు.

నేను ఇంటిని అడిగాను. "బియ్యం తెప్పించమన్నాను కదా?"

"లేదు. డబ్బా కడుగుతూ బియ్యం నిండుకున్నాయి అనుకున్నారు. నిండినవి తెప్పించను. తూకం వేరేగా చెప్పింది కనుక పొంతన లేదని రాసుకున్నాను."

అప్పుడు నాకు సంగతి అర్థమైంది. ఈ పట్టీలకి మాటలు నేర్పినవాళ్ళు మాటని మాటలాగే నేర్పారు. నిండుకోవడం అంటే నిండటం అనుకుంటోంది. బియ్యం లేవని అనకూడదని చిన్నప్పటి నుంచీ మా నోళ్ళకి అలవాటు. అందుకే ఆ మాట.

ఇంటికి విడమర్చి చెప్పాను. ఇల్లు కార్యాలయానికి పంపింది. జవాబు మధ్యాహ్నమే వచ్చింది. "మీరు తెలిపిన పదానికి నమోదైన అర్థం: నిండుట. సహకారానికి ధన్యవాదాలు." అంతే ఉంది.

రాత్రికి గోధుమ నూకతో ఉప్మా చేశాను. వదిన గారికి ఉప్మా పడదు. తిన్నారు.

శుద్ధ దశమి

కార్యాలయం నుంచి హిమజ గారనే అమ్మాయి వచ్చింది. ముప్పై లోపు ఉంటుంది. గడప బయట బూట్లు విప్పి వచ్చింది, అది నాకు నచ్చింది. ఆవిడ నొసటి మీద కూడా పట్టీ ఉంది. మనుషుల మతిని పరీక్ష చేసేవాళ్ళు ఇళ్ళల్లో లేనిపోనివి చెప్పకుండా, పైకి అనే మాటకి కూడా అది పొంతన చూస్తుందట.

"గడప లోపల ఉన్నంతసేపూ పరీక్ష కిందే లెక్కండీ. నా లైటు నారింజ అయితే పరీక్ష చెల్లదు, మొదటి నించీ మళ్ళీ చేయాలి," అంది.

తర్వాత వచ్చిన పని చెప్పింది. వదిన గారికి నారింజలు ఎక్కువ వస్తున్నాయి. లేనిది ఉందంటున్నారు, ఉన్నది ఎక్కడికో వెళ్ళిందంటున్నారు. మతి నిలకడగా లేదని కార్యాలయం అనుమానం. మతి నిలకడ లేని మనిషి పేరుతో పెట్టె పలకకూడదు. వెనక ఎవరో అలా పలికించి ఆస్తులు రాయించుకున్నారట. పౌర్ణమి తర్వాత పరీక్ష పెడతారు. అందులో పొంతన కుదరకపోతే పట్టీ, పెట్టె తీసేసి, మనిషిని ఆలన మేడకి మారుస్తారు.

నేను నిండుకోవడం గురించి, కొండెక్కడం గురించి చెప్పాను. హిమజ గారు శ్రద్ధగా విన్నారు.

"మా ఇంట్లో ఆ మాటలు వినలేదండీ. నేను పుట్టింది మెరక మీదే. మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. కానీ నేను నమ్మినట్టు రాయడానికి లేదు. లైటు ఎలా వెలిగితే అలాగే రాయాలి."

వదిన గారి పెట్టె పలికింది. "అమ్మాయీ, ఆ మేడలో పెట్టె ఉంటుందా?"

"ఉండదండీ. కానీ చాలా బాగా చూస్తారు. స్నానం, భోజనం, మందులు, అన్నీ వేళకి అవుతాయి."

"అంటే నాకు ఉప్మా పడదని ఎవరికీ తెలీదన్నమాట."

హిమజ గారు లేచి, "వెళ్ళొస్తానండీ," అని బయల్దేరారు. ఆవిడ లైటు పచ్చగానే ఉంది.

శుద్ధ ద్వాదశి

పొద్దున తులసి పూజ అయ్యాక వదిన గారి పక్కన కూర్చుని పాఠం మొదలుపెట్టాను. ఖాళీ డబ్బా ఎదురుగా పెట్టాను.

"వదిన గారూ, దీన్ని చూసి అయిపోయాయి అనుకోండి. ఆ ఒక్క ముక్కా చాలు."

"ఎవరే అయిపోయింది?"

"ఎవరూ కాదండీ, బియ్యం."

"అయితే ముందు నువ్వను. నీ వెనకాల నేనంటాను."

నోరు తెరిచాను. ఎదురుగా దేవుడి అలమర ఉంది. నోరు మూసుకున్నాను.

"అదీ సంగతి. పంతులమ్మకే రాలేదు పాఠం."

"నా మాటకేం లేండి. పరీక్ష మీకు. పెట్టె తీసుకుపోతారు."

"తీసుకుపోనీ. మాణిక్యం, నువ్వు పెళ్ళి వంటశాలలో ఎప్పుడైనా నించున్నావా? బయట బంతి సాగుతుంటుంది. లోపల గుండిగ అడుగు కనపడుతుంది. అన్నం అయిపోయిందీ అని కేకేశామనుకో, విస్తళ్ళ ముందు చేతులు ఆగిపోతాయి. పెళ్ళివారి మొహం మాడిపోతుంది. అదే అన్నం నిండుకుందీ అన్నామనుకో, తేవలసినవాడు పరిగెత్తి తెస్తాడు, తినేవాడు తింటూనే ఉంటాడు. లేదు అనకుండా తెమ్మని చెప్పే మాటే అది. ఆ మాట మీద నేనెన్ని పెళ్ళిళ్ళు దాటించానో నీకేం తెలుసు? ఇప్పుడొచ్చి ఈ లైటు కోసం మార్చుకోమంటావా?"

ఆవిడ అంత పొడుగు మాట పెట్టెతో అనడం అదే మొదటిసారి. అలసిపోయి కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి కళ్ళు తెరవకుండానే మళ్ళీ అన్నారు.

"నన్ను మళ్ళీ మూగదాన్ని చేస్తారంటావా?"

నేను దుప్పటి ఆవిడ భుజాల దాకా కప్పాను.

ఆవిడ నిద్రపోయాక డబ్బా వంటింట్లోకి తీసుకెళ్ళి, తలుపు చేరవేసి, "అయిపోయాయి," అన్నాను. నా పట్టీ పచ్చగా వెలిగింది. ఇల్లు పడవకి కబురు పెట్టింది. నేను చెంపలు వేసుకున్నాను. సాయంత్రానికి బియ్యం వచ్చాయి.

పౌర్ణమి

నాకు తోచిన ఉపాయం ఒకటే. ఇంట్లో ఏదీ ఖాళీ కాకపోతే వదిన గారికి ఆ మాటతో పనే ఉండదు.

దీపంలో నూనె సగానికి రాకముందే పోస్తున్నాను. కూజాలో నీళ్ళు తగ్గకముందే నింపుతున్నాను. ఉప్పు, పంచదార, పసుపు, అగ్గిపెట్టె, అన్నీ నిండుగా ఉంచుతున్నాను. పడవ వాళ్ళు "అమ్మా, ఇంట్లో పెళ్ళేమైనా ఉందా?" అని అడిగారు. లేదన్నాను. మూడువందల అరవై అయిదు వత్తులు ఇవాళ సాయంత్రం కలిపి వెలిగించాను. అవి కొండెక్కేలోగా వదిన గారి మంచం గోడ వైపు తిప్పాను.

నాలుగు రోజులుగా ఆవిడ పట్టీ పచ్చగానే ఉంది. ఇల్లు నాతో, "నరసాయమ్మ గారి పొంతన మెరుగుపడింది," అంది. దాని గొంతులో సంతోషం ఉందో లేదో తెలియదు.

మంచం మళ్ళీ తిప్పాక వదిన గారు వత్తులున్న పళ్ళెం వైపు చూశారు. బూడిద తప్ప ఏమీ లేదు. ఆ సంగతి మాట్లాడలేదు.

"దాచిపెట్టావులే, తెలిసింది. ఎందుకే నీకీ చాకిరీ? రోజంతా డబ్బాలు పట్టుకు తిరుగుతున్నావు. నన్ను చూస్తే నాకే విసుగొస్తోంది. ఒంట్లో సత్తువ నిండుకుందే, మాణిక్యం."

లైటు నారింజ అయింది.

సత్తువని ఏ డబ్బాలోంచి తెచ్చి పొయ్యాలో నాకు తెలియలేదు. కాళ్ళకి కొబ్బరినూనె రాశాను. ఆవిడ ఒద్దనలేదు.

బహుళ తదియ

ఇవాళ పరీక్ష. ఉదయమే స్నానం చేయించి, ఆవిడకి ఇష్టమైన ఆకుపచ్చ నేత చీర కట్టాను. దేవుడికి ఏమని దణ్ణం పెట్టుకోవాలో తోచలేదు. ఆవిడ మాట ఆవిడకి ఉంచమని అడిగాను.

హిమజ గారు పది గంటల పడవకి వచ్చారు. బూట్లు విప్పి లోపలికి వచ్చారు. తన సంచీలోంచి ఖాళీ డబ్బా ఒకటి తీసి, మూత తెరిచి చూపించారు.

"నరసాయమ్మ గారూ, ఇందులో బియ్యం ఎలా ఉన్నాయండీ?"

నేను వదిన గారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"నిండుకున్నాయి."

నారింజ.

హిమజ గారు చిన్న దీపం వెలిగించి, ఆర్పి చూపించారు. నేను తల దించుకున్నాను.

"కొండెక్కింది. నువ్వే ఎక్కించావు. నోటితో ఊదకూడదమ్మా, చేత్తో విసరాలి."

నారింజ.

"మీ వారు ఎక్కడున్నారండీ?"

"కాలం చేశారు."

నారింజ. హిమజ గారు పలక మీద రాసుకున్నారు. ఆవిడ చెయ్యి మెల్లగా కదిలింది. రాయడం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

"క్షమించండమ్మా. నాకు వేరే దారి లేదు. పట్టీ, పెట్టె తీసుకెళ్ళడానికి రేపు మనిషి వస్తాడు. ఆలన మేడ పడవ ఎల్లుండి. నన్ను ఉత్తరపు మెరకలకి వేశారు, ఈ వైపు పని ఇవాళ్టితో సరి."

నేను చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. వదిన గారు మాత్రం ఆ అమ్మాయినే చూస్తున్నారు. హిమజ గారు సంచీ సర్దుకుని, గడప దగ్గరికి వెళ్ళి, అలవాటు ప్రకారం వెనక్కి తిరిగారు.

"వెళ్ళొస్తానండీ."

పెట్టె పలికింది. "అమ్మాయీ, నీకూ నారింజ వచ్చింది."

హిమజ గారు కణత మీద చెయ్యి పెట్టుకున్నారు. లైటు చేతికి తెలియదు. సంచీలోంచి ఖాళీ డబ్బా తీసి, మెరిసే దాని మూతలో మొహం చూసుకున్నారు. నిజంగానే నారింజ.

"నేనేం అన్నానండీ ఇప్పుడు?"

"వెళ్ళొస్తానన్నారండీ," అన్నాను. "మీరు మళ్ళీ వస్తారా?"

"రాను. చెప్పాను కదండీ, నన్ను వేరే…"

"మరి వస్తానన్నారు కదండీ."

"అంటే… వెళ్తాను అని ఎలా అంటామండీ? అలా అనకూడదు కదా. మా అమ్మ చిన్నప్పుడు…" అని ఆగిపోయారు.

గడపకి ఒక కాలు ఇవతల, ఒక కాలు అవతల ఉంది ఆ అమ్మాయికి.

"ఎటో ఒకవైపు రా తల్లీ. గడప మీద నించోకూడదు," అంది పెట్టె.

హిమజ గారు లోపలికే వచ్చారు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, పలక మీద రాసింది కొట్టేశారు. "పరీక్ష చేసేవాళ్ళ లైటు నారింజ అయింది కనుక ఈ పరీక్ష చెల్లదు. మళ్ళీ మొదలుపెడుతున్నాను," అని పైకి చదువుతూ రాశారు. ఆవిడ లైటు పచ్చగా మారింది. తర్వాత నా వైపు తిరిగారు.

"మాణిక్యం గారూ, నిండుకున్నాయి అంటే మీరేం చేస్తారు?"

"తెప్పిస్తానండీ. తెమ్మని చెప్పే మాటే అది."

ఆవిడ కాసేపు ఆలోచించారు. మళ్ళీ అదే డబ్బా మూత తీసి చూపించారు.

"నరసాయమ్మ గారూ, ఈ డబ్బా చూశారు కదా. నన్నేం చేయమంటారు?"

"బియ్యం తెప్పించు. పాతవి తెప్పించు, కొత్తవి ముద్దవుతాయి."

పచ్చ.

ఈసారి దీపం వెలిగించి చేత్తో విసిరారు. పొగ లేచింది. "ఇప్పుడు ఏం చేయమంటారండీ?"

"ఏముందీ, మళ్ళీ వెలిగించు. వత్తి కాస్త ఎగదొయ్యి."

పచ్చ.

మూడోది అడగడానికి హిమజ గారు కొంచెం తడబడ్డారు. "మధ్యాహ్నం మీ వారికి కూడా విస్తరి వేయమంటారా అండీ?"

లైటు ఏ రంగూ లేకుండా ఉంది. నేను నా తాళి పట్టుకుని నిలబడ్డాను.

"ఇవాళ కాదమ్మా. మాఘమాసంలో, తద్దినం నాడు. ఆ రోజు పెద్ద విస్తరే వెయ్యాలి. బతికున్నప్పుడూ ఎక్కువే తినేవారు."

పచ్చ.

హిమజ గారు రాశారు. చాలాసేపు రాశారు. పట్టీ, పెట్టె నరసాయమ్మ గారి దగ్గరే ఉంచవలసిందని, ఇంటి దగ్గరే ఉండవచ్చని చదివి వినిపించారు. ఇక మీదట ఈ ఇంట్లో ఏది ఎలా ఉందని కాక ఏం చేయాలని అడగమని ఇంటికి చెప్పారు. ఇల్లు, "అలాగే," అంది.

లేచారు. మళ్ళీ గడప దాకా వెళ్ళారు. నోరు తెరిచి, మూశారు. ఆ మాట అంటే ఈ పరీక్షా చెల్లదు. అనకుండా వెళ్ళడం ఆ పిల్లకి చేతకాలేదు.

వదిన గారు చూశారు. ఎడమ పెదవి కదిలింది.

"అమ్మాయీ, ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. ఉత్తరపు మెరకల నించి పడవ ఉంది. మాణిక్యం బూరెలు చేస్తుంది. చేతులు దానివి, నోరు నాది. పూర్ణం పలచన చేసిందో, నేనూరుకోను."

"ఆదివారమా అండీ?"

"నిజంగా వస్తేనే చెప్పు. ఊరికే మొహమాటానికి అనకు. లైటుంది."

హిమజ గారు నవ్వారు. పలక తీసి ఆదివారం దగ్గర మా ఇంటి గుర్తు వేసుకున్నారు. పలక సంచీలో పెట్టుకుని, మాకు దణ్ణం పెట్టి, అప్పుడు అన్నారు.

"వెళ్ళొస్తానండీ."

పచ్చ.

ఆవిడ పడవ ఎక్కేదాకా అరుగు మీద నిలబడి, లోపలికి వచ్చి డబ్బాలు చూసుకున్నాను. నాలుగు రోజులు అన్నీ నింపాను గానీ, శనగపప్పు, బెల్లం సంగతి మరిచిపోయాను.

"శనగపప్పు నిండుకుంది. తెప్పించు," అని ఇంటికి చెప్పాను.

మొదటి మాటకి నారింజ వెలిగింది. రెండో మాటకి పచ్చ.